దూప అన్న మాట

ఇరవై రెండేళ్ళు ఆస్పత్రుల్లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా పని చేసి, మొన్న వేసవిలో మానుకున్నాను. ఇల్లినాయ్‌లో అరోరా, ఆ చుట్టుపక్కల ఊళ్ళు నా తిరుగుడు. డాక్టరు ఇంగ్లీషులో అడిగింది పేషంటుకు తెలుగులో చెప్పాలి, పేషంటు తెలుగులో చెప్పింది డాక్టరుకు ఇంగ్లీషులో చెప్పాలి. అంతే ఉద్యోగం. పార్టీల్లో ఎవరైనా "మీరేం చేస్తారండీ?" అని అడిగి, నా జవాబు విని "ఓ, అదా! మా పిల్లలు కూడా చేస్తారు" అన్నప్పుడు మొదట్లో కోపం వచ్చేది. తరవాత నవ్వు వచ్చేది. ఇప్పుడు "మీ పిల్లల్ని జాగ్రత్తగా ఉండమనండి" అంటున్నాను.

ఇది రాయడానికి కారణం మా చర్చి సంఘంలోని ఇద్దరు అమ్మాయిలు. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు, కష్టపడి తెలుగు చదవడం నేర్చుకుని ఈ పనిలో చేరుతున్నారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను పట్టుకుని "ఆంటీ, మాకు టిప్స్ చెప్పండి" అన్నారు. టిప్స్ నా దగ్గర పెద్దగా లేవు. తప్పులు మాత్రం దండిగా ఉన్నాయి. వాటిలో ఒక చిన్నదీ, ఒక పెద్దదీ చెబుతాను. ఎప్పుడు జీతం పెరిగింది, ఏ సర్టిఫికెట్ ఎప్పుడు తీసుకున్నాను అనేవి వదిలేస్తున్నాను. అవన్నీ నాకే గుర్తు లేవు.

పేషంట్ల సంగతులు బయటికి చెప్పకూడదన్నది మా పనిలో మొదటి నియమం. అందుకే పేర్లు, ఊళ్ళు మార్చాను. పెద్ద తప్పు ఎవరి విషయంలో చేశానో ఆవిడ మాత్రం "రాయి బిడ్డా, నలుగురికి తెలువాలె" అని తనే అనుమతి ఇచ్చింది.

నాన్న తర్జుమా

నా పొగరు ఎక్కడినుంచి వచ్చిందో ముందు చెప్పాలి. మాది గుంటూరు వైపు. మా నాన్న బడిపంతులు. సువార్త కూడికలకు విదేశీ బోధకులు వస్తే వాళ్ళ ప్రసంగాన్ని తర్జుమా చేసేది ఆయనే. దొర ఒక మాట అంటే నాన్న మూడు మాటలు చెప్పేవాడు. ఒకసారి దొర తన దేశంలో మంచు తుఫానులో చిక్కుకున్న కథ చెబుతుంటే, నాన్న ఆ మంచును అక్కడికక్కడే ఉప్పెనగా మార్చి చెప్పాడు. పందిరి కింద ఆడవాళ్ళంతా ఏడ్చారు. మంచుకు ఇంతమంది ఎందుకు ఏడుస్తున్నారో దొరకు అర్థం కాలేదు, కానీ ఆయనా కళ్ళు తుడుచుకున్నాడు.

నాన్న ఎక్కడా ఆగేవాడు కాదు. తెలియని మాట వస్తే ఊహించి చెప్పేసేవాడు. వేదిక మీద నిలబడి "అంటే ఏమిటండీ?" అని దొరను అడగడం ఆయన దృష్టిలో పరువు తక్కువ. నాకు ఆ గొంతు వచ్చింది, ఆ ధైర్యం వచ్చింది, ఆ పరువూ వచ్చింది. దానికి తోడు తెలుగు ఎం.ఏ. చదివాను. అరోరాకు వచ్చాక మా సంఘంలో తర్జుమా నాకే ఇచ్చారు. శుభశుక్రవారం నాడు సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్ని ఏడుగురు తలా ఒకటి తీసుకుని ప్రసంగిస్తారు కదా, అందులో ఐదో మాట ఏటేటా నా వంతే. అది "నేను దప్పిగొనుచున్నాను" అన్నది, దాహం గురించిన మాట. దప్పిక అనీ, దాహం అనీ, పిపాస అనీ వాటి మధ్య తేడాలు విడమరిచి నలభై నిమిషాలు మాట్లాడేదాన్ని. పాస్టరు అయ్యగారు గడియారం వంక చూసినా ఆగేదాన్ని కాదు.

దాహానికి తెలుగులో నాలుగో మాట ఒకటి ఉందని నాకు తెలియదు.

మూల కుర్చీలో మార్తా

మా పై అధికారి పేరు మార్తా. మెక్సికో నుంచి వచ్చిన మనిషి, స్పానిష్ ఇంటర్‌ప్రెటర్. పొట్టిగా ఉంటుంది, ఎప్పుడూ నీలం స్వెట్టరు, గట్టిగా మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు. కొత్తవాళ్ళ వెనక నెలరోజులు మూల కుర్చీలో కూర్చుని చూసేది.

ఆవిడ మొదట నేర్పింది రెండు నియమాలు. పేషంటు "నేను" అంటే నువ్వూ "నేను" అనే చెప్పాలి. "ఆయనకు కడుపు నొప్పట" అనకూడదు, "నాకు కడుపు నొప్పి" అనాలి. ఇక నీ సొంత మాట ఏదైనా చెప్పాల్సి వస్తే అప్పుడు "నేను" అనకూడదు, "ఇంటర్‌ప్రెటర్" అనాలి. "ఇంటర్‌ప్రెటర్‌కు ఈ మాట తెలియదు, అడిగి తెలుసుకోవాలి." "ఇంటర్‌ప్రెటర్ ఒక తప్పు చేసింది, సరిదిద్దుకోవాలి." ఈ రెండు వాక్యాలు రెండు భాషల్లోనూ నోటికి రావాలని నాచేత వల్లె వేయించింది. నేను వల్లె వేశాను. రెండోది వాడే అవసరం నాకు రాదని మనసులో అనుకున్నాను.

పదిరోజులు కూడా గడవలేదు. ఎనభై ఏళ్ళ పెద్దాయన, తెల్లటి చొక్కా, నుదుట విభూతి. డాక్టరు "వారానికి ఎన్నిసార్లు మద్యం తీసుకుంటారు?" అని అడిగాడు. అంత పెద్దమనిషిని ఆ మాట ఎలా అడుగుతాం? "మీకు తాగుడు అలవాటు ఏమీ లేదు కదండీ?" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి "లేదమ్మా" అన్నాడు. నేను లేదని చెప్పేశాను.

మార్తాకు తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా బయటికి రాగానే అడిగింది. "డాక్టరు 'ఎన్నిసార్లు' అని అడిగాడు. ఎన్నిసార్లు అంటే ఎవరైనా అంకె చెబుతారు. ఆయన తల ఊపాడేమిటి? నువ్వు ఏమని అడిగావు?"

చెప్పాను. మా మర్యాదల గురించి కూడా కొంత ఉపన్యాసం ఇచ్చాను.

"ఆయన పరువు కాపాడే పని నీకు ఎవరూ ఇవ్వలేదు. లోపలికి వెళ్ళు. వాక్యం చెప్పు" అంది.

వెళ్ళి, "ఇంటర్‌ప్రెటర్ ఒక తప్పు చేసింది" అని మొదలుపెట్టి డాక్టరు ప్రశ్నను ఉన్నదున్నట్టు అడిగాను. పెద్దాయన నేల చూస్తూ, "రోజూ రెండు పెగ్గులండీ. మా ఆవిడ పోయినకాడనుంచీ" అన్నాడు. డాక్టరు వెంటనే ఒక మందు మార్చాడు.

నేను ఆ వారమంతా మార్తాతో ముభావంగా ఉన్నాను. ఇందులో తమాషా ఏమిటంటే, రోజూ పొద్దున మోకరించి "ప్రభువా, నన్ను సరిదిద్దు" అని ప్రార్థన చేసేదాన్ని. ఎనిమిదింటికి ఆఫీస్‌కి వెళ్తే మార్తా సరిదిద్దేది. నేను ముఖం మాడ్చుకునేదాన్ని. అడిగింది అడిగినట్టు వస్తున్నదని గుర్తుపట్టడానికి నాకు ఏళ్ళు పట్టింది. దిద్దుబాటు పరలోకం నుంచి మెరుపులాగా దిగుతుందనుకున్నాను కాబోలు, నీలం స్వెట్టరు వేసుకుని వస్తుందనుకోలేదు.

సాంబ్రాణి

పదో ఏడు వచ్చేసరికి నాకు మంచి పేరు వచ్చింది. వారంలో మూడు రోజులు ఆస్పత్రికి వెళ్ళి చేసేదాన్ని, రెండు రోజులు ఇంటినుంచి ఫోన్ కాల్స్. ఆ రోజు ఫోన్ రోజు. ఒక క్లినిక్ వాళ్ళ నర్సు లైన్. ఒంట్లో బాగాలేనివాళ్ళు ఫోన్ చేస్తే నర్సు నాలుగు ప్రశ్నలు అడిగి, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలా, అపాయింట్‌మెంట్‌దాకా ఆగవచ్చా అన్నది తేలుస్తుంది. ఆ లైన్‌లో నర్సుకు పేషంటు కనబడదు. ఆమె చేతిలో ఉన్నది మేం చెప్పే మాటలొక్కటే.

ఫోన్ చేసింది సరిత అనే అమ్మాయి. కాన్పు అయి మూడు వారాలు. తల్లి రాజవ్వ, కరీంనగర్ వైపు మనిషి, కాన్పు చేయడానికి వచ్చి ఉంది. "మా అమ్మకు రెండు రోజులసంది బాగుంటలేదు, మీరు ఆమెతోని తెలుగుల మాట్లాడండి, పాప ఏడుస్తుంది" అని చెప్పి ఫోను తల్లి చేతికిచ్చి లోపలికి వెళ్ళింది.

"ఏమైందో చెప్పండమ్మా" అన్నాను నర్సు తరఫున.

"పొద్దుగాల్ల సంది ఒకటే దూప బిడ్డా. ఒకటే దూప. దమ్ము గూడ వస్తాంది. కాళ్ళల్ల సత్తువ లేదు."

దమ్ము అంటే ఆయాసమని నాకు తెలుసు. దూప తెలియదు. అప్పటికి నేను విననే లేదు. ఆ క్షణంలో మార్తా నేర్పిన మొదటి వాక్యం అనాలి. "ఇంటర్‌ప్రెటర్‌కు ఈ మాట తెలియదు." మూడు సెకన్ల పని. కానీ నాకు తెలియని తెలుగు మాట ఒకటి ఉంటుందని, అదీ చదువు రాని ఒక పెద్దామె నోట వస్తుందని నా ఎం.ఏ. ఒప్పుకోలేదు. పల్లెటూరి మనిషి, ఒత్తు పలకలేదు, ధూపం అంటోంది అనుకున్నాను. నోట్‌బుక్‌లో "ధూపం" అని రాసుకున్నాను. ఆమె పలకని ఒత్తును కూడా దిద్ది మరీ రాశానన్నమాట.

"పొద్దున్నుంచీ ఒకటే పొగ. నాకు ఆయాసంగా కూడా ఉంది" అని ఇంగ్లీషులో చెప్పాను.

"పొగా? ఇంట్లో ఏమైనా కాలిందా?" అంది నర్సు.

నేను రాజవ్వను అడిగింది అది కాదు. "ఇంట్లో పొగ వేస్తున్నారా అమ్మా?" అని అడిగాను.

"ఏస్తున్నం గద. పసిపిల్లకు తానం పోసినంక సాంబ్రాణి ఏస్తం."

నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. నా ఊహ నిజమైంది! తెలుగువాళ్ళు పసిపిల్లలకు తలంటి సాంబ్రాణి ధూపం ఎలా వేస్తారో, జుట్టు ఎలా ఆరబెడతారో నర్సుకు ఒక నిమిషం పాటు వివరించాను. నర్సు మురిసిపోయి "మీరు చెప్పకపోతే నాకు అర్థమయ్యేది కాదు" అని మెచ్చుకుంది. జ్వరం లేదు, గుండె నొప్పి లేదు. పొగ ఆపేయండి, కిటికీలు తెరవండి, ఆయాసం సాయంత్రానికి తగ్గకపోతే ఎమర్జెన్సీకి వెళ్ళండి, తగ్గితే ఎల్లుండి అపాయింట్‌మెంట్‌కు రండి అంది.

నేను అంతా చెప్పాను. రాజవ్వ "పొగ బందు జేస్తె దూప తగ్గుతదా బిడ్డా?" అంది.

నాకు నవ్వు వచ్చింది. పొగ ఆపితే ధూపం తగ్గదా మరి? ఆ ప్రశ్న నర్సుకు చెప్పనే లేదు. "తగ్గుతుందమ్మా, తప్పకుండా తగ్గుతుంది" అని నేనే జవాబిచ్చి ఫోను పెట్టేశాను.

కాల్ అయ్యాక నోట్స్ కాగితం చింపేయడం మా నియమం. ఆ నియమాన్ని చక్కగా పాటించాను.

చెప్పిన గద బిడ్డా

మరునాడు మధ్యాహ్నం ఆస్పత్రి ఎమర్జెన్సీ నుంచి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలన్నారు. వెళ్ళాను. మంచం మీద అరవై దాటిన ఒక మనిషి, పెదవులు పగిలిపోయి, చేతికి సెలైను. పక్కన పసిపిల్లను ఎత్తుకుని ఆమె కూతురు. వాళ్ళెవరో నాకు తెలియదు, నేనెవరో వాళ్ళకు తెలియదు. ఫోన్‌లో మేం పేరు చెప్పం, నంబరే చెబుతాం.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. షుగర్ విపరీతంగా పెరిగిపోయిందని, ఒంట్లో నీరు ఆవిరైపోయిందని, ఇంకో పూట ఆలస్యమైతే స్పృహ పోయేదని చెప్పింది. పెద్దామెకు షుగర్ ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

"ఎప్పటినుంచి దాహంగా ఉందమ్మా?" అని అడిగాను డాక్టరు తరఫున.

ఆమె నన్ను నీరసంగా చూసింది. "నిన్న ఫోన్ల చెప్పిన గద బిడ్డా. దూప, దూప అని."

ఆ గొంతు గుర్తుపట్టాను. "దూప అంటే ఏమిటమ్మా?" అని అడిగాను. ఒక రోజు ఆలస్యంగా.

"నీళ్ళ దూప. గొంతు ఎండుకపోవుడు."

ఆ జవాబు నేను ఇంగ్లీషులో చెప్పాక డాక్టరు తెర మీద నిన్నటి నర్సు నోట్స్ తీసి చదివింది. పొగ గురించి ఉంది, సాంబ్రాణి గురించి ఒక పేరా ఉంది, దాహం అన్న మాట ఎక్కడా లేదు. సరిత తల్లి మీద విరుచుకుపడింది. "దూప అయితుందని ఎందుకు చెప్పలేదమ్మా నువ్వు? అన్నీ వదిలేసి సాంబ్రాణి ముచ్చట చెప్తావా? నాకన్న చెప్పొద్దా?"

"చెప్పిన బిడ్డా" అంది రాజవ్వ.

"చెప్పలేదు. ఇగో, ఇక్కడ రాసి ఉంది."

అప్పుడు డాక్టరు మెల్లగా సరితతో అంది. "ఈమె మాటల్లో పొంతన లేదు. నిన్న ఒకటి చెప్పింది, ఇవాళ ఒకటి చెబుతోంది. రేపు జ్ఞాపకశక్తి పరీక్ష చేయిద్దాం. ఇకమీదట ప్రశ్నలన్నీ మిమ్మల్నే అడుగుతాను."

పేషంటు ఎదుట ఎవరు ఏం మాట్లాడినా పేషంటు భాషలో చెప్పడం మా విధి. అదీ చెప్పాను. "మీ మాటల్లో పొంతన లేదు. ఇకమీదట మీ అమ్మాయినే అడుగుతాం" అని నా నోటితోనే చెప్పాను. రాజవ్వ ముఖం గోడవైపు తిప్పుకుంది.

నేను నోరు తెరవలేదు. ఇది దాచకుండా రాస్తున్నాను. ఆ గదిలో నిజం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. కాగితం చింపేశాను. నంబరు చూసి నన్ను వెతికే పని ఎవరూ పెట్టుకోరు. షుగర్ ఎలాగూ దొరికింది, వైద్యం మొదలైంది, ఇప్పుడు చెప్పి ఏం లాభం అని నాకు నేనే చెప్పుకున్నాను. ఫోన్ లైన్ బాగాలేదనీ అనుకున్నాను. లైన్ చాలా బాగుంది.

ఇంటికి వెళ్ళి ప్రార్థనకు కూర్చుంటే "నన్ను సరిదిద్దు" అన్న మాట నోటికి రాలేదు. మా ఆయన "ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు. జరిగింది చెప్పాను. ఆయన టీ కప్పు కింద పెట్టి, "ఆవిడకు మతి లేదని రాసేస్తారు కదే" అన్నాడు. అదే చాలింది. నా తప్పు నయమైపోలేదు, చోటు మారి ఆవిడ పేరు మీదికి ఎక్కిందని అప్పుడు నాకు కనబడింది.

ఆ ఇంటర్‌ప్రెటర్ ఎవరు?

పొద్దున్నే మార్తాకు ఫోన్ చేశాను. తిడుతుందనుకున్నాను. తిడితే కొంచెం తేలికగా ఉండేది. ఆవిడ అంతా విని, "రెండో వాక్యం నీకు వచ్చు కదా" అంది. "వెళ్ళి చెప్పు. నేనూ వస్తాను. నీ బదులు మాట్లాడను. తలుపు దగ్గర నిలబడతాను."

అలాగే నిలబడింది. డాక్టరు, సరిత, రాజవ్వ ముగ్గురూ గదిలో ఉన్నారు. నేను ముందు ఇంగ్లీషులో, తరవాత తెలుగులో చెప్పాను.

"మొన్న ఫోన్‌లో మాట్లాడిన ఇంటర్‌ప్రెటర్ ఒక తప్పు చేసింది. దూప అంటే దాహమని ఆమెకు తెలియదు. అడగకుండా పొగ అని చెప్పింది. రాజవ్వ గారు దాహం అని రెండుసార్లు చెప్పారు. పొగ ఆపితే దాహం తగ్గుతుందా అని కూడా అడిగారు. ఆ ప్రశ్న నర్సుదాకా వెళ్ళలేదు. రాజవ్వ గారు చెప్పిన మాటల్లో ఏ పొరపాటూ లేదు."

డాక్టరు నా వంక చూసి, కంప్యూటర్ వైపు తిరిగి టైప్ చేయడం మొదలుపెట్టింది. సరిత లేచి నిలబడింది.

"ఎవరు ఆ ఇంటర్‌ప్రెటర్? పేరు చెప్పండి. నేను కంప్లైంట్ ఇస్త."

మా నియమం ఎంత హాయిగా ఉందో ఆ క్షణంలో తెలిసింది. "ఇంటర్‌ప్రెటర్" అన్న మాట వెనక ఒక మనిషి పూర్తిగా దాక్కోవచ్చు. మార్తా వంక చూశాను. ఆవిడ నాకేమీ సైగ చేయలేదు.

"నేనే సరితా" అన్నాను.

"మీరా?" ఆ అమ్మాయికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "ఆంటీ, మా అమ్మ చచ్చిపోతుండె. నిన్న నేను మా అమ్మను అన్ని మాటలంటుంటే మీరు ఇక్కడనే నిలబడి విన్నరు. తెలిసీ విన్నరు."

నా దగ్గర మూడు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. మా వైపు ఆ మాట వాడం. నువ్వూ ఫోన్ దగ్గర ఉండాల్సింది. నేనూ మనిషినే. మూడూ నాలుక చివరిదాకా వచ్చాయి. మూడిట్లోనూ కొంత నిజం ఉంది. అందుకే అవి ప్రమాదం. "అవును, విన్నాను" అని మాత్రం అన్నాను. జీవితంలో నేను చేసిన కష్టమైన తర్జుమా ఆ రెండు మాటలే.

మంచం మీదనుంచి రాజవ్వ నన్ను పిలిచింది. "ఇటు రా బిడ్డా. నీకు దూప అంటె తెల్వదా?"

"తెలియదమ్మా."

"తెల్వకపోతె అడుగకపోతివి? అడిగితె నేను చెప్పకపోదునా?"

డాక్టరు తల ఎత్తి నా వంక చూసింది, ఆమె ఏమందో చెప్పమన్నట్టు. పేషంటు "నేను" అంటే "నేను" అనాలి కదా. నా గొంతుతో, ఇంగ్లీషులో, నన్ను నేనే గద్దించుకున్నాను. "నీకు తెలియకపోతే ఎందుకు అడగలేదు? అడిగితే నేను చెప్పేదాన్ని కదా?" చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. పనిలో ఉండగా ఏడవకూడదన్నదీ మా నియమమే. మార్తా అక్కడే ఉండి కూడా ఆ ఒక్కదాన్ని పట్టించుకోలేదు.

రాజవ్వ "ఏడుపు బందు జెయ్యి. నర్సమ్మకు చెప్పు, దూపైతాంది" అంది.

నేను నర్సు వైపు తిరిగి, ఇంగ్లీషులో, నియమం ప్రకారం చెప్పాను: "నాకు దాహంగా ఉంది." ఏటా నలభై నిమిషాలు ప్రసంగించిన ఐదో మాట నాకు ఆ రోజుదాకా అర్థం కాలేదు. నర్సు డాక్టరును అడిగి చిన్న కప్పులో నీళ్ళు తెచ్చింది. రాజవ్వ రెండు గుక్కలు తాగింది. డాక్టరు జ్ఞాపకశక్తి పరీక్ష తీసేయించింది. కుర్చీని కూతురి వైపునుంచి మంచం వైపు తిప్పుకుని, "రాజవ్వ గారూ, రాత్రి నిద్ర పట్టిందా?" అని ఆమెనే అడిగింది. ఆ ప్రశ్నను తెలుగులో చెప్పడం ఎంత సుఖంగా ఉందో!

తరవాత

సరిత కంప్లైంట్ ఇచ్చింది. ఇవ్వాల్సిందే. నన్ను మూడు నెలలు ఫోన్ కాల్స్‌నుంచి తీసేశారు. ఆ మూడు నెలలూ నేను తెలంగాణ మాటలు నేర్చుకున్నాను. మా సంఘంలో నిజామాబాద్ ఆవిడ ఒకామె ఉంది, ఏళ్ళుగా వెనక బెంచీలో కూర్చునేది. ఆవిడ ఇంటికి వెళ్ళి నోట్‌బుక్ తెరిచి కూర్చునేదాన్ని. "ఇన్నేండ్లు మా మాట ఎవరు అడిగిన్రు అక్కా?" అని నవ్వింది. ఆ నవ్వులోనూ నాకు కొంత దిద్దుబాటు ఉంది. తీసుకున్నాను. శుభశుక్రవారం ఐదో మాటకు ఆవిడ పేరే ఇచ్చాను. పదకొండు నిమిషాల్లో ముగించింది. అయ్యగారు నావైపు చూసి మరీ స్తోత్రం చెప్పారు.

అమ్మాయిలూ, మీకు నేను చెప్పేది ఒకటే. తప్పులు చేస్తారు. దిద్దేవాళ్ళు దొరకడం అదృష్టం. నాకు ముగ్గురు దొరికారు. ఒకరికి నా భాష రాదు, ఒకరికి చదువు రాదు, ఒకరికి నామీద జాలి రాలేదు. ముగ్గురి కోసమూ ఇవాళ్టికీ ప్రార్థనలో కృతజ్ఞత చెబుతాను. క్రైస్తవురాలిగా తగ్గించుకోవడం గురించి చిన్నప్పటినుంచీ విన్నాను, పాడాను, తర్జుమా కూడా చేశాను. అది నాకు వంటబట్టింది మాత్రం "నేనే సరితా" అన్న రోజున.

సరిత రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. ఒక రోజు ఇండియన్ స్టోర్‌లో ఎదురుపడి, తనే దగ్గరికి వచ్చి, చేయి పట్టుకున్న పాపతో "అమ్మమ్మకు దూప నేర్పిన... కాదు, అమ్మమ్మ దూప నేర్పిన ఆంటీ" అంది. ఇద్దరం అక్కడే నవ్వాం. అప్పటినుంచీ రాకపోకలున్నాయి.

నేను రిటైరైన వారం సరిత ఇంట్లో ఉండగా రాజవ్వ వీడియో కాల్‌లోకి వచ్చింది. షుగర్ అదుపులో ఉందిట, ఊళ్ళో అందరికీ తనే సలహాలు చెబుతోందిట.

"కొలువు బందు జేస్తివంట. ఇంట్ల ఉంటె యాష్ట అస్తలేదా?" అంది.

యాష్ట. నా నోట్‌బుక్‌లో లేని మాట. సందర్భాన్ని బట్టి ఊహించవచ్చు. దిగులేమో, తీరికేమో. నాన్న అయితే ఈపాటికి మూడు మాటలు చెప్పేసి ఉండేవాడు. సరిత నా వంక చూస్తోంది.

"యాష్ట అంటే ఏమిటమ్మా?" అని అడిగాను.

తెర మీద రాజవ్వ ముఖమంతా నవ్వు అయింది.

"గట్లడుగు బిడ్డా" అంది. "చెప్త, ఇను."